కొండ కింద కారు

మా ఇంటికి నూట పద్నాలుగు మెట్లు.
కారు మెట్లెక్కదు.
అందుకే చిట్టినగర్ కొండ మొదట్లో,
మునిసిపల్ కుళాయికీ కరెంటు స్తంభానికీ నడుమ
దాన్ని వదిలేసి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినదానిలా
వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ ఎక్కుతాను.

పదకొండేళ్ళ ఆల్టో. నాది మూడో చెయ్యి.
తెల్లారకముందే ఇంటింటికీ వెళ్ళి
పరగడుపు రక్తం తీసుకొచ్చే ఉద్యోగం.
సూది గుచ్చితే నొప్పి ఎవరికో నాకు తెలుసు.
డ్రైవరు తలుపు దగ్గర్నుంచి డిక్కీ దాకా
ఎవరో మేకుతో గీసిన గీతని
వేలితో తడుముకుంటూ నడిచిన రోజు మాత్రం
ఎవరి నొప్పో తెలియలేదు.

సలహాలకు బెజవాడలో కొదవా?
స్టీరింగుకి తాళం అన్నాడు మా ఆడపడుచు మొగుడు. వేయించాను.
గేరుకి ఇంకోటి. అదీ వేయించాను.
బ్యాటరీ వైరు పీకి తలగడ కింద పెట్టుకోమన్నాడు
పాలప్యాకెట్ల సాంబయ్య. రెండు రాత్రులు అలాగే పడుకున్నాను.
కవరు కొన్నాను, పద్దెనిమిది వందలు.
మూడోరోజు పొద్దున కారుంది, కవరు లేదు.
అలారం పెట్టించాను.
పిల్లి దూకినా, పెళ్ళి బ్యాండు మోగినా,
టన్నెల్ రోడ్డులో లారీ దగ్గినా
అది గుక్కపెట్టి ఏడ్చేది.
నైటీ మీద తువ్వాలు కప్పుకుని
అన్ని మెట్లూ దిగేదాన్ని.
నాలుగోసారి కొండకు కొండే లేచి నన్ను తిట్టింది.
వైరు కత్తిరించేశాను.
బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాను.
నిమ్మకాయ ఉంది.
అద్దం పోయింది, ఎడమవైపుది.

ఆటోనగర్‌లో నాగుల్ మీరా కొట్టు.
ఊళ్ళో కార్ల చెవులన్నీ అక్కడ
ఇనపతీగకు వేలాడుతుంటాయి.
"ఆల్టో, ఎడమది," అన్నాను.
గుట్టలోంచి ఒకటి లాగి చొక్కా అంచుతో తుడిచాడు.
ఐదొందలన్నాడు.
వెనక్కి తిప్పాను.
నల్ల ప్లాస్టిక్ మీద, కందిగింజంత,
గుర్తుకని నేను పెట్టిన ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క.
నోరు తెరిచాను.
ముందుకి తిప్పితే అందులో
నోరు తెరిచి ఉన్నది నేనే.
"మూడొందలకి ఇస్తావా?" అన్నాను.
మూడొందల యాభైకి తెగింది.
నా అద్దాన్ని నేనే కొనుక్కుని, సంచిలో వేసుకుని
బెంజి సర్కిల్ దాటేదాకా దాని మొహం చూడలేదు.

అద్దం బిగిస్తుంటే ఇస్త్రీ బండి పైడమ్మ చూసింది.
విజయనగరం నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళయినా
ఆవిడ మాట ఇంకా రైలు దిగలేదు.
"ఇలాగ నా పక్కనెట్టీమ్మా.
పడమటిగాలి కాస్తాది, బొగ్గు నిలబడతాది."
గాలి కోసమే అడిగింది. నా మీద జాలి ఏం లేదు.

ఇప్పుడు పదకొండింటికి నేను తిరిగొచ్చి ఆపితే
పన్నెండుకల్లా బానెట్ మీద
ఎవరివో లుంగీలు, ఎవరిదో గంజి చీర,
అన్నిటికన్నా పైన ఒక కానిస్టేబులు గారి ఖాకీ చొక్కా.
ఇస్త్రీ అయిపోయినా దాన్ని ఆవిడ తొందరగా ఇవ్వదు.
నేనూ తొందరపెట్టను.

రాత్రి ఆవిడ మంచం కూడా అక్కడే.
దోమతెర తాళ్ళు నాలుగు:
రెండు ఇస్త్రీ బండికి, ఒకటి కరెంటు స్తంభానికి,
నాలుగోది నా కారు తలుపు పిడికి.
ఎవరు తలుపు లాగినా
ముందు పైడమ్మ ఆకాశం ఊగుతుంది.

తెల్లవారుజామున నాలుగున్నర.
రక్తం సీసాల పెట్టె చంకన పెట్టుకుని,
చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి,
ఊపిరి బిగబట్టి, నా సొంత కారు నుంచి
దొంగలా ముడి విప్పుకుంటాను.

నిన్న తాడు కాస్త కదిలింది.
తెర లోపల్నుంచి, కళ్ళు తెరవకుండానే,
"ఎవుర్రా?" అంది.
"నేనే."
"నేనే అని దొంగోడూ అంతాడు. పేరు సెప్పు."
చెప్పాను,
ఇంటిపేరుతో సహా.